ముందుగా వ్రాసియుంచవలసిన ఫలితము

గుండెపోటు వచ్చి బ్రతికి బయటపడినవారిలో కొందరికి, ఆ తరువాతి నెలలలో హృదయము తన లయను తప్పి, నడుమ నడుమ అకాలస్పందనములను కలిగించుచుండును. అట్టి స్పందనములు హెచ్చుగా గలవారిలో ఆకస్మిక మరణములు ఎక్కువయని వైద్యులు ఏనాడో గమనించిరి. కావున వానిని అణచు మందులిచ్చినచో మరణములును తగ్గునని 1980వ దశకమున అమెరికాలో పెక్కుమంది విశ్వసించిరి. ఎన్‌కైనైడు, ఫ్లెకైనైడు అను మందులు ఆ స్పందనములను అణచుట ఈసీజీ పట్టీలలో కన్నులకు కట్టినట్లు కనబడుచుండెను. వేలకొలది రోగులకు వానిని వ్రాసియిచ్చుచునే యుండిరి.

ఈ విశ్వాసమును పరీక్షకు పెట్టుటకు అమెరికాలోని జాతీయ హృదయ, శ్వాసకోశ, రక్త పరిశోధన సంస్థ పూనుకొనినది. రూపకర్తలు మొదట రోగులకు మందునిచ్చి చూచి, ఎవరిలో అకాలస్పందనములు నిజముగా అణగెనో వారిని మాత్రమే ఏఱి, వారిలో ఎవరికి మందు, ఎవరికి దానిని పోలిన ఉత్తుత్తి మాత్ర అను నిర్ణయమును మనుష్యుల యిష్టమునకు విడువక, చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా జరిపించిరి. అయితే వారు లెక్కింపదలచినది స్పందనములను గాదు, లయ తప్పుటచే గలుగు మరణములను. 1989 ఏప్రిల్‌లో ఆ రెండు మందుల పరీక్షను నడుమనే ఆపవలసివచ్చెను. సగటున పది నెలల కాలములో మందు పక్షమునందలి 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర పక్షమునందలి 743 మందిలో 26 మంది, అన్ని కారణములను కలుపుకొని, మరణించిరని 1991లో ప్రకటితమైన లెక్క. మందు తమయందు చక్కగా పనిచేయుచున్నదని ఋజువైనవారే, ఆ మందు తీసికొనుటచే రెండింతలకు మించి మరణించిరన్నమాట.

ఇందు నాకు మిక్కిలి భయావహముగా తోచునది మఱియొకటి కలదు. మరణమునకు మాఱుగా స్పందనముల సంఖ్యనే ఫలితముగా నిర్ణయించియున్నచో, అదే రోగులు, అదే విభజనము, లేశమైనను తప్పులేని అదే గణితము ఆ మందులకు జయపత్రమును వ్రాసియిచ్చియుండెడివి! ఈ మందులు మేలు చేయవచ్చును, లేదా నిష్ఫలములు కావచ్చును గాని కీడు చేయుననుకొనక, మొదటి ప్రణాళికలో గణనమును మేలువైపునకు మాత్రమే చూచునట్లు రచించిరి కూడ. దత్తాంశములను కన్నెత్తి చూడకమునుపే పర్యవేక్షక సంఘమువారు కీడువైపునను ఒక హద్దు గీయవలెనని సూచించుట రోగుల పుణ్యము.

ఫలితమేదో నిశ్చయమైన పిదపనే ఎంతమంది రోగులు కావలెనను లెక్క తేలును. ఒక వ్యాధిలో నూటికి పదిమంది మరణించుచుండగా మందుచే ఆ సంఖ్య అయిదునకు దిగునని ఆశింతము. మేలు లేకున్నను ఉన్నదని పొరబడు అవకాశమును నూటికి అయిదు పాళ్లకు కట్టడిచేసి, ఉన్న మేలును పట్టుకొను అవకాశమును నూటికి ఎనుబది పాళ్లుగా కోరుకొన్నచో, ఒక్కొక్క పక్షమున సుమారు 430 మంది చాలుదురు. కాని మరణములు పదినుండి ఎనిమిదికి మాత్రమే దిగుననుకొన్నచో ఒక్కొక్క పక్షమునకు దాదాపు 3,200 మంది కావలసివత్తురు. ఇంతమందిని సమకూర్చుట దుస్సాధ్యమగుటచేతనే పరిశోధకులు రక్తపోటు, కొలెస్టరాల్, కణితి పరిమాణము వంటి, సులభముగా మాఱి త్వరగా కనబడు కొలతలవైపు మొగ్గుదురు. అందు దోషమేమియు లేదు, ఆ కొలతకును రోగి ఆయుష్షునకును గల సంబంధము వేరుగా ఋజువైయున్నపుడు.

రెండవ ప్రలోభము ఇంతకంటె సూక్ష్మమైనది. ఒకదానితో నొకటి సంబంధము లేని ఇరువది ఫలితములను కొలిచి, ఒక్కొక్కదానికి నూటికి అయిదు పాళ్ల పొరపాటును అనుమతించినచో, బొత్తిగా నిరుపయోగమైన మందునకును ఎక్కడో ఒకచోట మేలు కనబడు అవకాశము నూటికి 64 పాళ్లు. కనబడినదానినే ప్రధాన ఫలితమని పిమ్మట ప్రకటించుట పెండ్లియైన తరువాత ముహూర్తము పెట్టించుట వంటిది. 1988లో ప్రకటితమైన ఐసిస్-2 పరీక్షలో 17,187 మంది గుండెపోటు రోగులుండిరి. అయిదు వారములలో హృదయ, రక్తనాళ కారణములచే గలిగిన మరణములు ఆస్పిరిన్ తీసికొనినవారిలో నూటికి 9.4, తీసికొననివారిలో 11.8; సందేహమునకు తావులేని మేలు. అయినను ఏయే తరగతి రోగులకు ఎంతెంత మేలు కలిగెనో విడివిడిగా చూపుడని పత్రికా సంపాదకులు కోరగా, ఆక్స్‌ఫర్డు పరిశోధకులు చమత్కారముగా రోగులను జన్మరాశులవారీగానూ విభజించిరి. మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ కొంచెము కీడే చేసినట్లును, తక్కిన పది రాశులవారికి గొప్ప మేలు చేసినట్లును లెక్క తేలినది! (ఇవి పుట్టిన తేదీని బట్టి పాశ్చాత్యులు గణించు రాశులు గాని మన చంద్రరాశులు గావు, మన తులారాశివారు కలత చెందనక్కఱలేదు.)

కావుననే ప్రధాన ఫలితమును ముందుగా బహిరంగముగా వ్రాసియుంచు ఆచారము ఏర్పడినది. మన దేశమున 2007లో ఆరంభమైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, 2009 జూన్ 15 నుండి, తొలి రోగిని చేర్చుకొనక మునుపే పరీక్షను నమోదు చేయుట నిర్బంధమైనది. ఆ పుటలను ఎవ్వరైనను తెఱచి చూడవచ్చును. అయితే ‘రక్తపోటు’ అని ఒక్కమాట వ్రాసి ఊరకున్నంతమాత్రమున అది ఫలితము గానేరదు. ఎన్నవ వారమున, ఏ భంగిమలో, ఎన్నిమారులు కొలుతురో, సగటు తగ్గుదలను చూతురో లేక ఒక హద్దునకు లోబడినవారి సంఖ్యను చూతురో, నడుమ మందు మానినవారిని ఏ లెక్కలో వేయుదురో, అన్నియు తెలుపవలెను. మానినవారిని విడిచి నిలిచినవారినే లెక్కించినచో, మందు పడక బాధపడినవారందఱు కనుమఱుగై, మిగిలినవారి క్షేమమే మందు గొప్పతనముగా చెలామణి యగును గనుక, యాదృచ్ఛిక విభజనము ఎవరిని ఏ పక్షమున వేసినదో, మందు మ్రింగినను మ్రింగకున్నను, వారిని ఆ పక్షముననే లెక్కించుట నేటి పద్ధతి.