రెండు పెట్టెలా? ఐదు పెట్టెలా?

పాట విన్నవాడు పాటను తలచుకొనునే గాని, అది ఏ యంత్రమునుండి వెలువడినదో తలచుకొనడు. అట్లుండుటయే మేలు. కాని యంత్రమును కొనవలసిన దినము వచ్చినప్పుడు ఈ ఉపేక్ష పనికిరాదు. ఒక పాఠశాలలో సంగీతపు గది కొఱకు ఉపాధ్యాయులు కొంత సొమ్ము ప్రోగుచేసికొనిరనుకొందము. అంగడివాడు వారి ముందు రెండు యంత్రములను పెట్టును. ఒకటి స్టీరియో ఆంప్లిఫయరు. అది కుడియెడమల రెండు స్పీకర్లను మాత్రమే పలికించును. రెండవది సరౌండు రిసీవరు. అది ముందు మూడింటిని, ప్రక్కలనో వెనుకనో రెండింటిని, మంద్రధ్వనికి వేరుగా నొకదానిని పలికించును. దీనికే వర్తకులు 5.1 అని పేరు పెట్టిరి. రెండింటి ధరయు ఇంచుమించు సమానమైనచో, ఎక్కువ పెట్టెలను పలికించునదే లాభసాటి బేరమని ఎవరికైనను తోచును. చిక్కంతయు అక్కడనే యున్నది.

మనుష్యునికున్నవి రెండు చెవులు. ఎడమవైపునుండి వచ్చిన శబ్దము ఎడమచెవిని ముందుగను, కుడిచెవిని కొంచెము తరువాతను చేరును. ఈ వ్యవధి సెకనులో వెయ్యవ వంతునకైనను రాదు. తల అడ్డగుటచే కుడిచెవికి ఆ శబ్దము కొంత తగ్గియు వినబడును. ఈ సూక్ష్మభేదములను బట్టియే కన్నులు మూసికొన్నను పిలిచినవా రేదిక్కున నున్నదియు మనకు తెలియుచున్నది. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనమునందు క్లెమా ఆదేర్ అను నాతడు సంగీతనాటక రంగస్థలమునుండి టెలిఫోను తీగలు సాగదీసి, వినువారికి చెవికొకటిగా రెండు టెలిఫోనులనిచ్చెను. చూడకయే గాయకుల చోటు తెలియుట ఆనాటివారికి అబ్బురమైనది.

ఆ అబ్బురమును శాస్త్రముగా కుదిర్చినవాడు ఇంగ్లండునందలి ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజనీరు అలన్ బ్లూమ్లిన్. ఆతడు భార్యతో సినిమాకు పోయి, తెరపై నటుడొక అంచున నుండగా మాట వేరొక చోటనుండి వచ్చుట గమనించి, మాటను నటుని వెంట నడిపింపగలనని చెప్పెనని ప్రసిద్ధి. 1931 డిసెంబరులో పేటెంటు కొఱకు దరఖాస్తు పెట్టెను. 1934లో లండనులో థామస్ బీచమ్ నిర్వహించిన మొజార్టు సింఫనీ అభ్యాసమును రెండు పాయలుగా రికార్డు చేసెను. పాయ యనగా ఇంగ్లీషువారి చానెలు. జడకు పాయలవలె ధ్వనికిని పాయలు తీయవచ్చును. 1942లో యుద్ధకాలమున రాడారు పరీక్షింపబోయిన విమానము కూలి, ముప్పదెనిమిదేండ్ల ప్రాయముననే ఆతడు మరణించెను. స్టీరియో రికార్డులు అంగళ్లలో విరివిగా వచ్చినది 1958 నుండి. తాను నాటిన చెట్టు నీడను ఆతడు చూడలేదు.

సరిగా ఆ కాలముననే అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు మరియొక దారి త్రొక్కిరి. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాయించిన వాద్యబృందపు సంగీతమును తీగలద్వారా వాషింగ్టను సభామందిరమునకు పంపిరి. వారు పంపిన పాయలు రెండుగాక మూడు: ఎడమ, నడుమ, కుడి. మందిరము పెద్దది. ఎడమ అంచున కూర్చున్నవానికి ఎడమపెట్టె ధ్వనియే ముందుగా చేరును. చెవి ముందు వచ్చినదానినే నమ్మును. నడుమ నొక పెట్టె యున్ననే గాని వానికి నడుమనుండి పాట వినబడదు. ఆనాడు వాషింగ్టనులో ధ్వనిని సవరించిన స్టొకోవ్‌స్కీయే తరువాత డిస్నీవారి 1940 నాటి ఫాంటేసియా చిత్రమునకు సంగీతము నిర్వహించెను. ఆ చిత్రమునకై కొన్ని నాటకశాలలలో ప్రేక్షకుల చుట్టును స్పీకర్లమర్చిరి. నేటి సరౌండు రిసీవరు పుట్టుపూర్వోత్తరము లివి. అది సినిమాశాల బిడ్డ. ఇంటికి వచ్చినది తరువాత.

కచేరీని తలచుకొన్నచో రెండు పెట్టెల చమత్కారము తేటపడును. గాయకుడు నడుమ, వానికి కుడివైపున, అనగా మనకు ఎడమ చేతివైపున, మార్దంగికుడు, అటువైపున వయొలిను. మృదంగము కుడిమూత సభవైపు తిరిగియుండుటకే ఈ ఏర్పాటు. పళని సుబ్రహ్మణ్య పిళ్లె వంటి ఎడమచేతి వాటమువారి విషయమున ఇది తారుమారగును. చక్కగా చేసిన స్టీరియో రికార్డును, రెండు పెట్టెలును వినువాడును సమత్రిభుజపు మూడు కోణములందుండునట్లు అమర్చుకొని విన్నచో, గాయకుని కంఠము ఏ పెట్టెయు లేని నడిమి ఖాళీనుండి పలుకును. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కు మొదలు నేటివరకు వచ్చిన సంగీతములో అత్యధికభాగము ఈ రెండు పాయలదే. లేని పాయలను రిసీవరు ఎక్కడనుండి తెచ్చును? రెండు పాయలలో సమానముగా నున్నదానిని నడిమి పెట్టెకును, భేదముగా నున్నదానిని వెనుక పెట్టెలకును పంచును. ఇది ఊహయే గాని కచేరీ కాదు.

మన పాతసంగీతమునకు వచ్చినప్పుడు ఈ ఊహ నవ్వు పుట్టించును. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి 78 చుట్ల రికార్డులలో నున్నది ఒకే పాయ. స్టీరియో ముల్లుతో దానిని వాయించి ఇట్టి పంపకమునకు లోబరచినచో, వయొలిను నడిమి చిన్నపెట్టెలోనికి పోయి దాగును. రెండువైపుల నొక్కరీతిగా లేని గీరుల చిటపటలు మాత్రము వెనుక పెట్టెలకెక్కి వినువాని వీపున మ్రోగును! 1957 నాటి మాయాబజార్ చిత్రపు ధ్వనియు ఒకే పాయ. 2010లో దానికి రంగులు దిద్దినప్పుడు ధ్వనిని గూడ డి.టి.ఎస్. 5.1గా మార్చిరి. ఘటోత్కచుని ఆర్భాటము చుట్టును మ్రోగినచో బాలురకు వేడుకయే. ఘంటసాల, పి. లీల పాడిన నౌకావిహార గీతమునకు ఆ వేడుకతో పనిలేదు.

అయినను రిసీవరును నిందించుట న్యాయము కాదు. దానిలో ఈ పంపకమును మాన్పి రెండు పాయలను నేరుగా పంపు మీట యుండును. అట్లు పంపి, మితమైన గట్టిదనముతో విన్నచో, మంచి రిసీవరునకును మంచి ఆంప్లిఫయరునకును గల భేదము చెవికి చిక్కుట కష్టము. పెట్టెమీది వాట్ల సంఖ్యను చూచి మురియుటయు వ్యర్థమే. నూరు వాట్లు ఏబదికి రెట్టింపైనను చెవికి కొంచెము గట్టిగా మాత్రమే తోచును. ధ్వని రెట్టింపైనట్లు తోచుటకు శక్తి ఇంచుమించు పదిరెట్లు కావలెను. పైగా ఆ సంఖ్య అన్ని పాయలు ఒక్కసారి పలుకునప్పటిదో, రెండు మాత్రమే పలుకునప్పటిదో అడిగి తెలిసికొనవలెను.

కావున అసలైన ఎన్నిక యంత్రములమధ్య కాదు, స్పీకర్లమధ్య. ఉన్న సొమ్ము ఐదారు పెట్టెలకు చీలినచో ఒక్కొక్కదానికి దక్కునది స్వల్పము. రెండింటికే పెట్టినచో తంబుర శ్రుతి నిండుగా పలుకు పెట్టెలు రావచ్చును. సంగీతపు గదికి స్టీరియోయే తగినది. పాఠశాల సభామందిరమున చలనచిత్రములు చూపదలచినవారి మాట వేరు. అక్కడ నూరుమంది పిల్లలు అంచులవరకు కూర్చుందురు. వారికి నడిమి పెట్టె కావలెను, రిసీవరే ఉచితము. 1999 తరువాత వచ్చిన బహుపాయల డిస్కులను వినగోరువారికిని అదియే శరణ్యము. గది గోడల ప్రతిధ్వనిని మైక్రోఫోనుతో కొలిచి సవరించుకొను నేర్పు పెక్కు రిసీవర్లకు గలదు. సామాన్యపు ఆంప్లిఫయర్లలో అది అరుదు. నాపరాళ్లు పరచిన బోసిగదిలో ఈ నేర్పు కొంత ఉపకరించును, కాని కిటికీలకు రెండు మందపు తెరలు కట్టుట అంతకంటె చౌక.

అంగడిలో పోల్చి చూచునప్పుడు రెండింటిని ఒకే గట్టిదనమున వినవలెను. రవంత గట్టిగా పలికినదే మేలైనదిగా తోచి చెవి మోసపోవును. కొని తెచ్చిన తరువాత మొదట వాయింపవలసినది ఒకే పాయగల పాతపాట. ఆ కంఠము రెండు పెట్టెల నడుమ నిలువక గదియంతయు చెదరి, మంద్రము పలుచబడినచో, యంత్రమును తిరిగి అంగడికి మోయనక్కరలేదు. ఒక స్పీకరునకు ఎఱ్ఱతీగ నల్లమరకును, నల్లతీగ ఎఱ్ఱమరకును బిగించియుందురు; వానిని మార్చి బిగించి మరల వినవలెను.