రిజిస్టరులోని పేరు ఒక అమానత్

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే నేల మన అనంతపురం. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఇంటికి బాకీలు మిగులుతాయి. పడుచువాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు. ఇంట మిగిలిన తల్లికి రాత్రుళ్ళు నిద్ర కరువవుతుంది. తండ్రి మాటలు తగ్గించేస్తాడు. మానసిక వైద్యునికి చూపించండని ఎవరైనా సలహా ఇస్తే ఇంటివారు ముందుగా అడిగేది ఇదే: “అక్కడ పేరు వ్రాసుకుంటారా? నలుగురికీ తెలిస్తే రేపు అమ్మాయి పెళ్ళి ఎలా?”

ఈ భయానికి సమాధానం వైద్యుని గదికన్నా ముందు, బయట ఓపీ చీటీ వ్రాసే బల్ల దగ్గరే దొరకాలి.

బళ్ళారి అనుభవం

మన జిల్లాకు పొరుగునే ఉన్న బళ్ళారిలో 1985లో బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ ఒక ప్రయోగానికి పూనుకుంది. మానసిక వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా తీసుకువెళ్ళడం దాని ఉద్దేశం. సిబ్బందికి శిక్షణ, అవసరమైన కొద్దిపాటి మందులు సమకూర్చారు. వాటితోపాటు ప్రతి రోగికీ సరళమైన కేసు పత్రం, నెలనెలా నివేదిక అనే ఏర్పాట్లు కూడా చేశారు. ఈ నమూనా ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది.

కాగితానికి అంత ప్రాముఖ్యం ఎందుకు? ఈ వ్యాధుల్లో చాలావాటికి నెలల తరబడి మందు వాడాలి. కాస్త తేరుకోగానే మానేసేవారు ఎందరో. ఈ నెల రావలసినవారిలో ఎవరు రాలేదో రిజిస్టరు చూస్తేనే తెలుస్తుంది. వలస వెళ్ళిన కుమారుని చేతిలో మందు పేరు, మోతాదు వ్రాసిన చీటీ ఉంటే బెంగళూరు వైద్యుడు చికిత్సను అక్కడినుండే కొనసాగించగలడు. లేకపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

వ్రాతకు మన ధర్మం ఇచ్చిన విలువ తెలిసిందే. దివ్యఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ (అల్ బఖర: 282) అప్పు వ్యవహారాన్ని వ్రాసి ఉంచుకోమని ఆదేశిస్తుంది. ధనం విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, మనిషి మనసు విషయంలో ఇంకెంత అవసరం!

వ్రాసినదానికి కాపలా

వ్రాసినది దాచడం కూడా అంతే ముఖ్యం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కునిచ్చింది. చట్టం పేర్కొన్న కొన్ని సందర్భాల్లో తప్ప అతని వివరాలు బయటపెట్టకూడదు. తన వైద్య రికార్డును తాను చూసే హక్కును 25వ సెక్షన్ కల్పించింది.

ఈ హక్కు ఆచరణలో చిన్న చిన్న పనుల్లో కనిపిస్తుంది. హాలులో పేరు, వ్యాధి గట్టిగా చదవకుండా టోకెన్ నంబరుతో పిలవాలి. రిజిస్టరును బల్లమీద తెరచి ఉంచరాదు. ఫైళ్ళ బీరువాకు తాళం ఉండాలి. తేదీ గుర్తుచేసే ఫోను ఇంట్లో మరెవరైనా ఎత్తితే జబ్బు పేరు చెప్పరాదు. చీటీ వ్రాసే ఉద్యోగి చేతిలో ఉన్నది ఒక కుటుంబపు పరువు. అది అమానత్. అమానత్‌లో ఖియానత్ ఎంతటి పాపమో విశ్వాసులకు చెప్పనక్కరలేదు.

కుటుంబం చేయవలసినది

పాత చీటీలన్నీ ఒకే సంచిలో భద్రపరచండి. తదుపరి తేదీని ఇంటి క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. తన తరఫున వ్యవహరించేందుకు నమ్మకమైన వ్యక్తిని తెల్లకాగితంపై సంతకంతోగానీ వేలిముద్రతోగానీ ప్రతినిధిగా నియమించుకునే హక్కు పెద్దలకు ఈ చట్టంలోని 14వ సెక్షన్ ద్వారా ఉంది. ఆ కాగితం ఆరోగ్యంగా ఉన్నప్పుడే వ్రాసుకోవడం మేలు. ఆసుపత్రికి వెళ్ళడానికి వెనుకాడేవారు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలీ మానస్ సేవ రాత్రింబవళ్ళు అందుబాటులో ఉంటుంది.

పొరుగింటివారిని ఆసుపత్రి వరండాలో చూసిన రోజున మనం కూడా ఒక అమానత్‌దారులమే. సలాం చెప్పి, క్షేమం కోరుతూ దుఆ చేసి ముందుకు సాగుదాం. ఆ సంగతిని మన ఇంటి గడప దాకా కూడా తీసుకురావద్దు.