మూడవ ఫారం పరీక్ష పోయిన తరువాత

మలేసియా మాధ్యమిక పాఠశాలల్లో 2017 నుండి ‘రెకా బెంతుక్ దాన్ తెక్నొలొగి’, అనగా రూపకల్పన, సాంకేతిక విద్య, ఒక పాఠ్యాంశంగా ఉన్నది. గీయడం, చేయడం, సరిచూడడమే ఇందులో చదువు. యంత్రాలు, వంట, కుట్టు, మైక్రోకంట్రోలరుతో నడిచే చిన్న పరికరాలు, చేసిన వస్తువును అమ్మే ఉపాయం, అన్నీ మొదటి మూడు ఫారాల్లోనే వస్తాయి.

2022లో పి.టి.3 పరీక్ష రద్దయిన తరువాత తరగతి పనికి విలువ మరింత పెరిగింది. “పరీక్షే లేదు గదా!” అని కొందరు తల్లిదండ్రులు ఊరుకుంటున్నారు. మరికొందరు తయారైన నమూనా కొని బిడ్డ చేతిలో పెడుతున్నారు. ఇది ఇంకా చేటు. మాస్టారు ఫోలియో తెరిచి, మొదట ఏమి గీశావు, ఏది పనిచేయలేదు, ఎందుకు మార్చావు అని అడిగితే ఆ బిడ్డ ఏమి చెప్పగలడు?

ఇంట కంప్యూటరు లేని మన పిల్లలూ ఉన్నారు. తెలుగు తరగతులు జరిగే గదిలో వారికోసం ఒకటి ఉంచవచ్చును.