రెండు వయొలిన్ల సంభాషణ

పాశ్చాత్య సంగీతంలో ‘కన్చెర్టో’ అనే ప్రక్రియ ఒకటి ఉంది. ఇందులో ప్రధాన వాద్యకారులు ఒకరో ఇద్దరో ఒకవైపు, వాద్యబృందం మరొకవైపు ఉండి, మాటకు మాట బదులు చెప్పుకొంటున్నట్లు వాయిస్తారు. సుమారు 1600 నుండి 1750 వరకు గల బరోక్ యుగంలో ఈ ప్రక్రియ బాగా వృద్ధి చెందింది. ఆ యుగంలోని జర్మన్ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రెండు వయొలిన్ల కోసం ఒక కన్చెర్టో రచించాడు. దానిని బాల్యం నుండి ఎన్నోసార్లు వాయించి పేరు పొందినవాడు యెహూదీ మెనూహిన్.

మెనూహిన్ 1916లో న్యూయార్క్‌లో జన్మించాడు. ఏడేళ్ల వయసులోనే సభలో వాయించాడు. 1929లో, పదమూడేళ్లు నిండకముందే, బెర్లిన్‌లో ఒకే కచేరీలో బాఖ్, బీథోవెన్, బ్రామ్స్ రచించిన మూడు కన్చెర్టోలు వాయించి పెద్దలను ఆశ్చర్యపరిచాడు.

రుమేనియా దేశపు విద్వాంసుడు జార్జ్ ఎనెస్కో ఆయన గురువు. 1932లో గురుశిష్యులిద్దరూ కలిసి బాఖ్ కన్చెర్టోను పారిస్‌లో రికార్డు చేశారు. ఈ రచనలో ఒక వయొలిన్ ఎక్కువ, మరొకటి తక్కువ కాదు. మూడు భాగాలలో మొదటిది, చివరిది వేగంగా సాగుతాయి. నడిమి భాగం నెమ్మదైనది. అందులో ముందుగా రెండవ వయొలిన్ పాటను ఎత్తుకొంటుంది. కొద్దిసేపటికి మొదటి వయొలిన్ అదే పాటను పై స్థాయిలో అందుకొంటుంది. ఒకటి స్వరాన్ని నిలిపి ఉంచితే మరొకటి కదులుతుంది.

మన జుగల్‌బందీలో కళాకారులు అప్పటికప్పుడు స్వరకల్పన చేస్తారు. ఇక్కడ స్వరాలన్నీ ముందే రాసి ఉంటాయి. అయితే ఎంత గట్టిగా, ఎంత మెత్తగా వాయించాలో బరోక్ రచయితలు చాలా తక్కువగా సూచించారు. అది వాద్యకారుడే నిర్ణయించుకోవాలి. గురుశిష్యులు నడిమి భాగాన్ని తొందరపడకుండా, కమానును నిండుగా లాగుతూ, గొంతెత్తి పాడినట్లు వాయించారు. తరువాతి కాలంలో కొందరు బాఖ్ నాటి కమానులతో, నరపు తీగలతో దీనినే తేలికగా, వేగంగా వాయిస్తున్నారు.

బాల్యంలో సహజంగా అబ్బిన విద్య మెనూహిన్‌కు యౌవనంలో కష్టమైంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల కోసం వందలాది కచేరీలు చేసి అలసిపోయాడు. చేతులు మునుపటిలా సహకరించలేదు. అంతటి విద్వాంసుడూ కమాను పట్టే తీరును మొదటి నుండి మళ్లీ పరిశీలించుకొన్నాడు. 1952లో భారతదేశానికి వచ్చినప్పుడు బొంబాయిలో బి.కె.ఎస్. అయ్యంగార్‌ను కలుసుకొన్నాడు. కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టిన అయ్యంగార్ అప్పటికి పూనాలో యోగవిద్య నేర్పుతున్నాడు. మెనూహిన్ ఆయనకు శిష్యుడై, శరీరంలోని బిగువును సడలించుకోవడం నేర్చుకొన్నాడు.

1958లో మెనూహిన్ అదే కన్చెర్టోను పారిస్‌లో సోవియట్ విద్వాంసుడు డేవిడ్ ఒయిస్ట్రాఖ్‌తో కలిసి వాయించాడు. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదానినొకటి అనుమానంతో చూసుకొంటున్న రోజులవి. ఆ వేదికపై మాత్రం రెండు దేశాల కళాకారులు ఒకరి స్వరానికి మరొకరు చోటిస్తూ వాయించారు.

1963లో ఆయన ఇంగ్లాండులో పిల్లల కోసం సంగీత పాఠశాల స్థాపించాడు. 1999లో బెర్లిన్‌లో మరణించాడు. తన వాద్యాన్ని వినిపించడమే కాక, తోటివాని వాద్యాన్ని శ్రద్ధగా వినడం కూడా విద్యలో భాగమేనని ఈ కన్చెర్టో తెలియజేస్తుంది.