వాయిడ్ పాయింటర్‌కు ఒకటి కలిపితే ఎంత?

కాలుష్య కారక పరిశ్రమల్లో 17 రకాలవి ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. పటాన్‌చెరు చుట్టూ ఉన్న మందుల తయారీ కూడా అందులో ఉంది. ఇలాంటి మీటర్ల అంకెలు తెర మీదికి చేరేలోపు చాలావరకు సీ ప్రోగ్రాముల చేతిలోంచే వెళ్తాయి. దగ్గర్లోని కంది ఐఐటీలోనో రుద్రారం గీతం యూనివర్సిటీలోనో చదివే విద్యార్థి రేపు అలాంటి ప్రోగ్రాము రాయాల్సి రావచ్చు. అందుకే, ఏ టైపో చెప్పకుండా మెమరీ చిరునామాను మాత్రమే పట్టుకునే వాయిడ్ పాయింటర్ల గురించిన ఈ అపోహలు తొలగాలి.

అపోహ: వాయిడ్ పాయింటర్‌కు ఒకటి కలిపితే ఒక బైటు జరుగుతుంది. అది సీ నియమం.

వాస్తవం: నియమం కాదు. పాయింటర్ ఎంత జరగాలో టైపు చెబుతుంది. ఇంట్ అయితే సాధారణంగా 4 బైట్లు, డబుల్ అయితే 8. వాయిడ్‌కు సైజే లేదు. కాబట్టి 1989 నాటి ఆన్సీ ప్రమాణం నుంచీ ఈ కూడిక చెల్లదు. ఒక బైటు లెక్క జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు సొంతంగా ఇచ్చిన వెసులుబాటు.

అపోహ: కంపైలర్ ఏమీ అనలేదంటే కోడ్ సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: జీసీసీ మామూలుగా ఏమీ అనదు. పెడాంటిక్ లాంటి ఫ్లాగ్ ఇస్తేనే హెచ్చరిస్తుంది. అదే కోడ్‌ను మైక్రోసాఫ్ట్ కంపైలర్‌కు ఇస్తే సైజు తెలియదంటూ ఎర్రర్ చూపి ఆపేస్తుంది. లైనక్స్ కెర్నెల్‌లో ఈ పద్ధతి కనిపిస్తుంది కానీ, కెర్నెల్‌ను జీసీసీ వెసులుబాట్లను నమ్ముకునే రాశారు.

అపోహ: కావలసిన టైపుకు క్యాస్ట్ చేస్తే చాలు.

వాస్తవం: చాలదు. మీటర్లు అంకెలు పంపే పద్ధతుల్లో ఒకటైన మోడ్‌బస్ ఆర్‌టీయూలో, రీడింగ్ తెచ్చే జవాబులోని మొదటి మూడు బైట్లు పరికరం చిరునామా, ఫంక్షన్ కోడ్, బైట్ల లెక్క. రీడింగ్ ఆ తర్వాత మొదలవుతుంది. పీహెచ్‌ను వందతో గుణించి పంపే మీటరు 7.10 అని చెప్పాలంటే 710ని పంపుతుంది. హెక్సాలో అవి 02, సీ6 అనే రెండు బైట్లు. ముందే 16 బిట్ల పాయింటర్‌గా క్యాస్ట్ చేసి 3 కలిపితే 3 బైట్లు కాదు, 6 బైట్లు జరిగిపోతుంది. 3 బైట్లు జరిపాక క్యాస్ట్ చేస్తే మెమరీ చిరునామా బేసి సంఖ్య అయ్యే వీలుంది. అప్పుడు దాన్ని చదవబోతే కార్టెక్స్ ఎం0 ప్రాసెసర్ హార్డ్‌ఫాల్ట్‌తో ఆగిపోతుంది. మామూలు పీసీ ఆగకపోయినా బైట్లను తిరగేసి చదివి 50690 అంటుంది, అంటే పీహెచ్ 506.90! మామూలు పీహెచ్ స్కేలు 14తో ముగుస్తుంది. అన్‌సైన్డ్ చార్ పాయింటర్‌తో ఒక్కో బైటూ తీసుకుని, మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలపడమే సరైన దారి.

అపోహ: ఇంత తలనొప్పి ఉన్న వాయిడ్ పాయింటర్‌ను వాడకపోవడమే మేలు.

వాస్తవం: మాలాక్ తిరిగి ఇచ్చేది వాయిడ్ పాయింటరే. ఏ రకం డేటానైనా సార్ట్ చేసే క్యూసార్ట్ తీసుకునేదీ అదే, కాకపోతే ఒక్కో అంశం సైజును విడిగా అడుగుతుంది. డేటాను అందించడానికి వాయిడ్ పాయింటర్ వాడండి. లెక్క మాత్రం చార్ పాయింటర్ మీద చేయండి.

ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజే పెడాంటిక్ ఫ్లాగ్ పెట్టండి, వచ్చిన ప్రతి హెచ్చరికనూ సరిచేయండి. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు వైపు ఎలాంటి నీళ్లు వెళ్తున్నాయో చెప్పే అంకె తప్పితే, దాన్ని చూసి తీసుకునే నిర్ణయమూ తప్పుతుంది.