రక్తంలో కాల్షియం – వంశానుగత వ్యాధులు

"ఒంట్లో సున్నం తగ్గింది" అని మన పెద్దలు తరచుగా అంటుంటారు. ఈ మాటలో శాస్త్రసత్యం లేకపోలేదు. సున్నంలో ప్రధానాంశమైన కాల్షియమే మన ఎముకలకు గట్టిదనాన్ని ఇస్తుంది. వయోజనుని దేహంలో ఇంచుమించు ఒక కిలోగ్రాము కాల్షియం ఉంటుంది. అందులో నూటికి తొంబది తొమ్మిది పాళ్ళు ఎముకలలోను, దంతాలలోను నిలువ ఉండగా, మిగిలిన స్వల్పభాగం రక్తంలోను, కణాలలోను సంచరిస్తుంది. ఈ స్వల్పభాగమే ప్రాణాధారం. గుండె కొట్టుకొనడానికి, కండరాలు ముడుచుకొనడానికి, నరాల సంకేతాలు సక్రమంగా సాగడానికి, గాయమైనపుడు రక్తం గడ్డకట్టడానికి అది అత్యవసరం. నూరు మిల్లీలీటర్ల రక్తరసంలో సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల కాల్షియం ఉండాలి. ఇంతకు తగ్గినా, ఇంతకు మించినా ప్రమాదమే.

ఈ తూకాన్ని కాపాడేవారెవరు?

కంఠంలోని థైరాయిడ్ గ్రంథి వెనుక సాధారణంగా నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి కందిబద్దంత మాత్రమే. వీటిని పారాథైరాయిడ్ గ్రంథులంటారు. మానవ దేహంలో వీటిని 1880లో స్వీడన్ దేశీయుడు ఐవార్ సాండ్‌స్ట్రోమ్ వర్ణించాడు. రక్తంలో కాల్షియం తగ్గగానే ఇవి ఒక హార్మోనును స్రవిస్తాయి. అది ఎముకల నుండి కాల్షియంను రక్తంలోకి రప్పిస్తుంది; మూత్రం వెంట పోకుండా మూత్రపిండాలలో ఆపుతుంది; విటమిన్ డి క్రియాశీల రూపాన్ని పొందేటట్లు చేసి, ప్రేగులు ఆహారంలోని కాల్షియంను పీల్చుకొనేటట్లు చేస్తుంది. కాల్షియం చాలినంత చేరగానే హార్మోను తగ్గిపోతుంది.

కాల్షియం తగ్గినదో పెరిగినదో ఆ గ్రంథికి తెలిసేదెట్లు? గ్రంథికణాల ఉపరితలంపై కాల్షియంను పసిగట్టే ఒక ప్రోటీను కలదు. అమెరికాలో బ్రౌన్, హెబర్ట్ బృందం 1993లో దానిని గుర్తించింది. దానిని నిర్మించే జన్యువు మూడవ క్రోమోసోము మీద ఉన్నది. ఈ జన్యువులో పుట్టుకతో లోపముంటే తక్కెడ ముల్లే తప్పుగా చూపుతుంది. వంశానుగత కాల్షియం వ్యాధులలో ముఖ్యమైనవి కొన్ని ఇక్కడనే పుడుతున్నవి.

నీటి దోషమా? వంశ దోషమా?

నల్లగొండ జిల్లావారికి ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. కేతేపల్లి మొదలుకొని మర్రిగూడ దాకా ఎక్కడైనా కాళ్ళు వంకరపోయిన పిల్లవాడు కనిపిస్తే "నీళ్ళ వల్ల" అనే సమాధానం వెంటనే వస్తుంది. దానికి కారణం లేకపోలేదు. దక్షిణ భారతంలో ఫ్లోరోసిస్ వ్యాధిని నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాలలో కనుగొని 1937లో ప్రకటించారు. తరువాత నల్లగొండ జిల్లా పేరు ఆ వ్యాధికి మారుపేరైనది. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన రాతినేలల బోరుబావులలో అంతకు అనేక రెట్లు ఉన్న చోట్లున్నవి. ఇక్కడి యువకులలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఆనే రూపాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రపంచానికి తెలిపారు. ఫ్లోరైడు కాల్షియంను ఎముకలలోనికి లాగడం వలన రక్తంలోని తూకం చెడి పారాథైరాయిడ్ గ్రంథులు అధికంగా శ్రమించవలసి వస్తుంది. సున్నం, పటిక కలిపి ఫ్లోరైడును తొలగించే విధానానికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు ప్రపంచ గ్రంథాలలో నిలిచిపోయినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం నదీజలాన్ని ఇంటింటికి చేర్చే ప్రయత్నం చేసినది.

అయితే ప్రతి వంకర కాలికీ నీరే కారణమనుకొనడం పొరపాటు. కుటుంబంలో నలుగురికి ఉన్నది గనుక వంశపారంపర్యమే అనుకొనడం కూడ పొరపాటే. ఒక ఇంటివారందరు ఒకే బావినీరు త్రాగుతారు గదా! మెట్టినింటికి వచ్చిన కోడలికి కూడ కొన్నేండ్లకు నడుము బిగుసుకొన్నదంటే నీటిని శంకించాలి. ఆమెది ఆ వంశరక్తం కాదు. అదే ఇంటి ఆడపడుచు మంచినీరున్న దూరప్రాంతంలో కాపురముండగా, అక్కడ పుట్టి పెరిగిన ఆమె బిడ్డకు కూడ దొడ్డికాళ్ళు వచ్చినవంటే వంశాన్ని శంకించాలి. ఇవి సూచనలు మాత్రమే. నిర్ణయం చెప్పవలసినది రక్తపరీక్ష, మూత్రపరీక్ష.

కాల్షియం తగ్గించే వ్యాధులు

రక్తంలో కాల్షియం బాగా తగ్గినపుడు పెదవుల చుట్టు, వ్రేళ్ళ చివర తిమ్మిరి పుడుతుంది. చేతివ్రేళ్ళు కొంకర్లు పోతాయి. పసిపిల్లలకు ఫిట్లు వస్తాయి. ఫిట్లు రాగానే మూర్ఛరోగమని మందులు వాడేవారు కొందరు, గాలి సోకినదని తాయెత్తు కట్టించేవారు మరికొందరు. కాల్షియం ఎంత ఉన్నదో చూడకపోతే అసలు జబ్బు ఏండ్ల తరబడి మరుగున ఉండిపోవచ్చును.

పైన చెప్పిన జన్యువు అతిచురుకుగా మారితే, కాల్షియం తక్కువగా ఉన్నప్పటికీ చాలినంత ఉన్నదని గ్రంథి భ్రమపడి హార్మోనును ఆపివేస్తుంది. ఈ వ్యాధిగ్రస్తులకు మాత్రలతో కాల్షియంను పూర్తిగా మామూలు స్థాయికి తేవాలని ప్రయత్నిస్తే అది మూత్రంలోకి విపరీతంగా పోయి మూత్రపిండాలను చెరుపుతుంది. బాధలు ఉపశమించేంత వరకే చికిత్స చేయాలి.

ఇరువది రెండవ క్రోమోసోములో ఒక చిన్న ముక్క లోపించిన శిశువులలో పారాథైరాయిడ్ గ్రంథులు సరిగా ఏర్పడకపోవచ్చును; గుండె లోపాలు, అంగిలి చీలిక కూడ ఉండవచ్చును. మరొక వ్యాధిలో హార్మోను సమృద్ధిగా ఉన్నా శరీరం దాని మాట వినదు. దీనిని 1942లో ఆల్‌బ్రైట్ వర్ణించాడు. పొట్టితనం, గుండ్రని ముఖం, పిడికిలి బిగిస్తే నాలుగవ వ్రేలి కణుపు కనిపించకపోవడం ఇందులోని లక్షణాలు. విచిత్రమేమనగా, ఈ లోపం తల్లి నుండి వస్తే కాల్షియం కూడ తగ్గుతుంది. తండ్రి నుండి వస్తే సాధారణంగా ఆకారలక్షణాలు మాత్రమే కనిపిస్తాయి.

విటమిన్ డిని క్రియాశీలంగా మార్చే జన్యువు చెడినా, దానిని అందుకొనే జన్యువు చెడినా ఎండలో ఎంత తిరిగినా పిల్లల ఎముకలు మెత్తబడతాయి. వీటిని పోలినదే, కాని కాల్షియంకు బదులు భాస్వరం తగ్గే ఇంకొక వంశానుగత వ్యాధి కలదు. తండ్రికి ఈ వ్యాధి ఉంటే కుమార్తెలందరికి సంక్రమిస్తుంది, కుమారులకు సంక్రమించదు. దొడ్డికాళ్ళ పిల్లవానిలో కాల్షియంతో పాటు భాస్వరం కూడ కొలవవలసినది ఇందుకే. రక్తంలో భాస్వరాన్ని నీలిరంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు భీమవరంలో జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. ఒక తెలుగువాని పేరుతో ఆ పద్ధతి ప్రపంచ ప్రయోగశాలలన్నిటా వాడుకలోనికి వచ్చినదని స్మరించడం మనకు గర్వకారణం.

కాల్షియం పెంచే వ్యాధులు

అదే జన్యువు మందగిస్తే, కాల్షియం ఎక్కువైనా గ్రంథికి తెలియదు. రక్తంలో కాల్షియం కొంత పెరిగి, మూత్రంలో తక్కువగా ఉంటుంది. ఇది బహిర్గత లక్షణం. తల్లిదండ్రులలో ఒకరికుంటే ప్రతి బిడ్డకు సగానికి సగం అవకాశం. చాలామందికి జీవితాంతం ఏ బాధ ఉండదు, చికిత్స అవసరముండదు. కాని దీనిని గ్రంథి కణితిగా పొరబడి శస్త్రచికిత్స చేసిన సందర్భాలు వైద్యచరిత్రలో కలవు. గ్రంథి తీసినా సాధారణంగా ఈ లోపం పోదు. కత్తి పట్టుకొనే ముందు మూత్రంలోని కాల్షియంను కొలవడం, తోబుట్టువుల రక్తం పరీక్షించడం ఎంత అవసరమో దీనివలన బోధపడుతుంది.

ఇంత నిరపాయమైన లోపమే తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ప్రతులుగా ఒక శిశువుకు చేరితే, పుట్టిన కొద్దిరోజులలోనే కాల్షియం ప్రాణాంతకంగా పెరుగుతుంది. అప్పుడు శస్త్రచికిత్సయే శరణ్యం.

మరికొందరు శిశువులలో విటమిన్ డిని విరిచివేసే జన్యువు పనిచేయదు. 1950 ప్రాంతంలో ఇంగ్లండులో పాలపొడికి విటమిన్ డి అధికంగా కలిపినపుడు కొందరు పసివారు కాల్షియం పెరిగి జబ్బుపడ్డారు. ఇటువంటి వ్యాధికి మూలమైన జన్యులోపాన్ని 2011లో కనుగొన్నారు. వైద్యుని సలహా లేకుండ విటమిన్ డి చుక్కలు, మాత్రలు పెద్ద మోతాదులో పోయరాదనడానికి ఇదొక హెచ్చరిక.

మేనరికాలు

మన సమాజంలో హిందువులలో మేనమామ–మేనకోడలు, మేనబావ–మరదలు వివాహాలు, ముస్లింలలో అన్నదమ్ముల బిడ్డల మధ్య వివాహాలు చిరకాలంగా ఉన్నవి. వీటిని నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. లెక్క మాత్రం తెలిసి ఉండాలి. వంశంలో దిగివచ్చిన ఒక లోపజన్యువు మేనమామలో ఉంటే మేనకోడలిలోను ఉండే అవకాశం నాలుగింట ఒకటి. పినతండ్రి, మేనత్త బిడ్డల మధ్య ఎనిమిదింట ఒకటి. బయటివారిలో అదే అరుదైన జన్యువు ఉండే అవకాశం ఎంతో తక్కువ. ఇద్దరిలోను ఉన్నపుడు, ప్రతి కాన్పులోను రెండు లోపప్రతులు బిడ్డకు చేరే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాత ముగ్గురికి రాదని భావించరాదు. ప్రతి కాన్పుకు లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది.

జబ్బుబిడ్డ పుడితే కోడలిని నిందించడం మన ఇండ్లలో పరిపాటి. పై లెక్క చూచినవారికి ఆ నింద ఎంత అన్యాయమో తెలుస్తుంది. రెండు ప్రతులు కావలసిన వ్యాధిలో ఒక ప్రతి తండ్రి ఇచ్చినదే. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఎవరి చేతిలోను లేదు.

మన కర్తవ్యం

పసిబిడ్డకు ఫిట్లు వచ్చినా, కాళ్ళు వంగినా, ఇంటిలో చిన్న వయసులోనే మూత్రపిండాలలో రాళ్ళు పదే పదే కనిపించినా రక్తంలో కాల్షియం, భాస్వరం, ఆల్బుమిన్, పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి చూపించుకొనాలి. అవసరమైతే ఇరువదినాలుగు గంటల మూత్రం కూడ. ఇంటి నీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో పరీక్షింపజేయాలి. వంశదోషమని తోస్తే హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ, డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ సంస్థ వంటి చోట్ల జన్యువిభాగాలు కలవు.

విద్యార్థి మిత్రులారా! ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినపుడు మీ తాతగారి దగ్గర కూర్చుండి మూడు తరాల వంశవృక్షాన్ని కాగితం మీద వ్రాయండి. ఎవరు ఏ నీరు త్రాగినారు, ఎవరికి ఏ జబ్బు వచ్చినది, ఏ బిడ్డ పసితనంలోనే పోయినాడు అనేవి అందులో చేర్చండి. ఆ కాగితం డాక్టరు చేతిలో పెడితే ఎన్నో పరీక్షల పని అదొక్కటే చేయగలదు. నీటి దోషాన్ని మార్చవచ్చును; వంశంలోని దోషాన్ని మార్చలేకపోయినా, ముందుగా తెలిసికొంటే బిడ్డను కాపాడవచ్చును.