గాలి అలలలో లేజరు వార్తలు

నక్షత్రములు మిణుకుమనుటకు కారణము నక్షత్రములలో లేదు, మన గాలిలో నున్నది. వేడిగాలి, చల్లగాలి సుడులుగా కలిసియుండుటచే వక్రీభవన గుణకము చోటుచోటునకు కొద్దిగా మారుచుండును. మండువేసవిలో తారురోడ్డుపై దృశ్యములు అలలవలె కదలుటయు ఇందువలననే.

నక్షత్రము మిణుకుమన్న కంటికి వేడుక. ఉపగ్రహమునుండి వచ్చు లేజరు కిరణము మిణుకుమన్నచో వార్తయే తెగిపోవును. 2021 డిసెంబరులో నాసా సంస్థ లేజరు వార్తాప్రసారమును పరీక్షించుటకు ఒక సాధనమును అంతరిక్షమునకు పంపినది. దాని వేగము సెకనుకు 120 కోట్ల బిట్లు. సెకనులో నూరవ వంతు కాలము కాంతి అందకపోయినను 1 కోటి 20 లక్షల బిట్లు నష్టమగును.

దూరదర్శిని పట్టిన కాంతిని సాధారణముగా సుమారు 10 మైక్రానుల వెడల్పుగల గాజుపోగు గర్భములోనికి పంపవలసియుండును. చదునుగా రావలసిన తరంగాగ్రము గాలిలో నలిగిన కాగితమువలె ముడుతలు పడును. అప్పుడు కాంతి చుక్కగా గాక చెదరిన మచ్చగా పడును. అందు చాలభాగము పోగులో చొరదు.

దీనికి ఉపాయమును 1953లో హొరేస్ బాబ్‌కాక్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూచించెను. ముడుతలను కొలిచి, అద్దమును తదనుగుణముగా వంచినచో, ప్రతిఫలించిన తరంగాగ్రము తిరిగి చదునగును. అద్దములోని గుంట లోతు ముడుత ఎత్తులో సగమున్న చాలును. ఏలనన కాంతి ఆ లోతును పోవునపుడొకసారి, వచ్చునపుడొకసారి దాటును.

అద్దమును వెనుకనుండి నెట్టు కడ్డీలెన్ని కావలెను? సెకనుకెన్నిమార్లు వంచవలెను? యంత్రము నిర్మింపకముందే దీనిని కంప్యూటరులో తేల్చుకొందురు. గాలిసుడుల పరిమాణమునకును వాని శక్తికిని గల సంబంధమును 1941లో సోవియట్ గణితజ్ఞుడు కొల్మొగొరోవ్ తెలిపెను. ఆ నియమము ననుసరించి యాదృచ్ఛిక సంఖ్యలతో ముడుతల పటములను తయారుచేసి, వానిని గాలివేగముతో కిరణమార్గమునకు అడ్డముగా జరుపుదురు. పిమ్మట కల్పితమైన అద్దముతో సరిదిద్ది, పోగులో చొచ్చు కాంతిని లెక్కింతురు.

ఉదాహరణకు, 0.5 మైక్రాను కాంతికి తరంగాగ్రము ఇంచుమించు చదునుగానుండు మేర 10 సెం.మీ. అనుకొనుడు. ఈ మేర తరంగదైర్ఘ్యముయొక్క 6/5వ ఘాతము ప్రకారము పెరుగును. కావున 1.55 మైక్రానుల లేజరుకు అది 39 సెం.మీ. అగును. 1 మీటరు దూరదర్శిని వ్యాసమున ఇట్టి ముక్కలు రెండు మూడే పట్టును. కనుక కొద్ది కడ్డీలే చాలును. కాని సెకనుకు 10 మీటర్లు వీచు గాలి ఆ ముక్కను 0.039 సెకనులో దాటించును. ముడుత అంతకంటె ముందే మారిపోవును గావున దిద్దుబాటు సెకనుకు వందలసార్లు జరుగవలెను. కొలతకును వంపునకును నడుమ జాప్యమైనచో, అద్దము గడచిపోయిన ముడుతను దిద్దును!

ఎంత చక్కని అద్దమైనను మేఘమును తొలగింపజాలదు. అందుచేతనే నాసా ఆ ప్రయోగమునకు కాలిఫోర్నియాలో ఒకటి, హవాయిలో ఒకటిగా రెండు భూకేంద్రముల నేర్పరచినది. ఒకచోట మబ్బు పట్టినపుడు రెండవది ఆదుకొనును.